అడుగు తీసి అడుగేయాలంటే...

మడమలో ‘ఎముక పెరిగింది’. మోకాలి ‘చిప్పలు అరిగాయి’. కాలు ‘బెణికింది... అంతే’. పిక్క ‘పట్టేసింది’. కాళ్ల నొప్పులకు మనం పెట్టుకున్న పేర్లివి. పేరు తప్పయితే వైద్యమూ దారి తప్పుతుంది. ఏ నొప్పి ఎందుకొస్తుందో, దేన్ని ఇంట్లోనే తగ్గించుకోవచ్చో, దేనికి పరుగు పరుగున ఆసుపత్రికి వెళ్లాలో తెలుసుకుంటే సగం బాధ తీరినట్టే.

మనిషి ఒంట్లో ఉన్న ఎముకలు 206. వాటిలో 52, అంటే దాదాపు పావు వంతు, రెండు పాదాల్లోనే ఉన్నాయి. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. వాటిని పట్టి ఉంచడానికి వందకు పైగా కండరాలు, లిగమెంట్లు, టెండన్లు. మామూలుగా నడిచేటప్పుడే మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. ఇంత బరువు మోస్తున్న కాళ్లు మనకు గుర్తొచ్చేది మాత్రం అవి మొరాయించినప్పుడే.

అప్పుడైనా ఏం చేస్తాం? మందుల షాపుకెళ్లి నొప్పి బిళ్ల అడుగుతాం. పక్కింటివాళ్లు చెప్పిన నూనె రాస్తాం. అప్పటికీ తగ్గకపోతే ఎక్స్‌రే తీయిస్తాం. అందులో ఏదో ఒకటి కనిపిస్తుంది. నలభై దాటినవాళ్లలో ఎవరికి ఎక్స్‌రే తీసినా చిన్నదో పెద్దదో ఒక తేడా కనిపించడం మామూలే. ఇక అక్కణ్నుంచి ఆ కనిపించినదానికి వైద్యం మొదలవుతుంది... అసలు నొప్పికి కాదు! అందుకే మన ఇళ్లలో రోజూ వినిపించే మాటల నుంచే మొదలుపెడదాం.

‘మడమలో ఎముక పెరిగింది’

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి. పదడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ఈ లక్షణాలుంటే అది చాలావరకూ ‘ప్లాంటార్ ఫేషియైటిస్’. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. పాదం మధ్యలో ఉండే వంపును విల్లుకు కట్టిన తాడులా పట్టి ఉంచేది అదే. రోజంతా నిలబడటం, బరువు పెరగడం, పిక్క కండరాలు బిగుసుకుపోవడం, పలచటి అట్టలాంటి చెప్పులు... ఇవన్నీ కలిసి మడమ దగ్గర ఆ పట్టీని దెబ్బతీస్తాయి. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ ముడుచుకుంటుంది. పొద్దున్న మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగుతుంది. అదే ఆ పోటు.

టీచర్లు, బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ పోలీసులు, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడేవాళ్లు, వంటింట్లో నాపరాళ్ల మీదో పాలరాతి మీదో ఉత్త కాళ్లతో గంటలు గంటలు గడిపే గృహిణులు... ఈ నొప్పి ఎక్కువగా కనిపించేది వీళ్లలోనే.

మరి ఎక్స్‌రేలో కనిపించే ఆ ‘పెరిగిన ఎముక’? మడమ నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి అది ఉంటుంది. కానీ ఏ నొప్పీ లేకుండా హాయిగా తిరిగేవాళ్లలోనూ ఎంతోమందికి ఉంటుంది. కాబట్టి నొప్పికి అది కారణమని చెప్పలేం. దాన్ని కోసేయించుకోవాల్సిన అవసరం దాదాపుగా రాదు. అసలు మడమ నొప్పి ఉన్న ప్రతి పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏ ఆపరేషనూ లేకుండానే పది పన్నెండు నెలల్లో తగ్గిపోతుంది. కావాల్సింది ఓపిక, వ్యాయామం.

పొద్దున మంచం దిగకముందే, కాలు మీద కాలు వేసుకుని చేత్తో కాలివేళ్లను ముందుకాలి వైపు వెనక్కి లాగాలి. అరికాలు సాగినట్టు తెలియాలి. పది లెక్కపెట్టే దాకా అలా ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు. రోజులో మూడు విడతలు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను నేల మీద పెట్టి, దాని మీద అరికాలిని ముందుకూ వెనక్కూ దొర్లిస్తే ఉపశమనంగా ఉంటుంది. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవాలి. ‘ఇంట్లోకి చెప్పులేంటి’ అని పెద్దవాళ్లు అభ్యంతరం చెబితే, బయటి నేల తొక్కని ఒక జతను ఇంటికోసమే విడిగా ఉంచుకోండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పి త్వరగా తగ్గే మాట నిజమే. పదే పదే వేయించుకుంటే మాత్రం అసలు పట్టీయే తెగే ప్రమాదం ఉంది.

ఒక్క జాగ్రత్త. పాతికేళ్ల కుర్రాడికి రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున్నే నడుం బిగుసుకుపోయి అరగంటకు గానీ వదలకపోవడం లాంటివి ఉంటే అది మామూలు మడమ నొప్పి కాకపోవచ్చు. వెన్నును బిగించేసే ఒక రకం కీళ్లవాతం కావచ్చు. కీళ్లవాత నిపుణులకు చూపించాలి.

‘చిప్పలు అరిగిపోయాయి’

నిజానికి అరిగేది చిప్ప ఒక్కటే కాదు. తొడ ఎముక, దాని కింద ముందుకాలి ఎముక, ముందు వైపు చిప్ప... ఈ మూడూ కలిసేచోట ఎముకల చివర్లకు నున్నటి తొడుగు ఉంటుంది. అది మృదులాస్థి. మందం కొన్ని మిల్లీమీటర్లే. దానికి రక్తనాళాలు లేవు. కాబట్టి ఒకసారి దెబ్బతింటే చర్మంలా, ఎముకలా మళ్లీ పూడదు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం... అన్నీ కలిసి ఈ తొడుగును పలచన చేస్తాయి. మన దగ్గర ‘గుజ్జు తగ్గింది’ అనేది దీన్నే. అరిగిన గుజ్జును మళ్లీ మొలిపిస్తామంటూ వచ్చే ప్రకటనలు రోజూ చూస్తూనే ఉంటాం. అలా మొలిపించగలదని రుజువైన మందు, నూనె, పొడి ఇప్పటిదాకా ఏదీ లేదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మోకాలి నొప్పి మొత్తం అరుగుదల మీదే ఆధారపడి ఉండదు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా చకచకా నడిచేవాళ్లున్నారు. కొద్దిగా అరిగినా మూలిగేవాళ్లున్నారు. తేడా ఎక్కువగా ఉండేది తొడ కండరాల్లో, ఒంటి బరువులో.

ముందు బరువు సంగతి. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. అంటే ఐదు కిలోలు తగ్గితే ప్రతి అడుగుకూ ఇరవై కిలోల బస్తా దించుకున్నట్టే! ఇక తొడ కండరాలు. అవి బలంగా ఉంటే కుదుపును అవే తీసుకుంటాయి. నీరసపడితే ఆ దెబ్బంతా కీలు మీద పడుతుంది. మోకాలు నొప్పి అని నడక మానేసినవాళ్లకు నొప్పి పెరగడానికి కారణం ఇదే. నడక మానకూడదు. మానాల్సింది గొంతుకూర్చోవడం, పీట మీద కూర్చుని లేవడం, బాసింపట్టు వేసుకుని గంటలు గడపడం. నొప్పి ఉన్నవాళ్లు కుర్చీకి, వెస్ట్రన్ టాయ్‌లెట్‌కు మారిపోవడం మంచిది. చేతికర్ర వాడాల్సి వస్తే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

నొప్పి బిళ్లలతో జాగ్రత్త. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. వాటికంటే ముందు పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడొచ్చు. మోకాలికి అది బాగానే పనిచేస్తుంది. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు ఊరట దొరుకుతుంది. జెల్ ఇంజెక్షన్ల ఫలితం ఖర్చుకు తగ్గట్టు ఉంటుందన్న నమ్మకం లేదు.

‘చిన్న రంధ్రం వేసి లోపల కడిగేస్తాం’ అని ఎవరైనా అంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మోకాలి అరుగుదల రోగుల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కొందరికి నిజంగానే లోపల కడిగారు, శుభ్రం చేశారు. కొందరికి చర్మం మీద గాటు పెట్టి కుట్టేసి ఊరుకున్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు బృందాలకూ తేడా లేదు! ఆటల్లో దెబ్బ తగిలి లోపలి మెత్త చిరిగి, మోకాలు మడిచినచోటే ఇరుక్కుపోయే కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లకు కీహోల్ ఆపరేషన్ మేలు చేస్తుంది.

కీలు మార్పిడి... ఎప్పుడు?

అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి 2000లో ఒక మోకాలికి, 2001లో రెండో మోకాలికి ముంబయిలో కీలు మార్పిడి చేయించుకున్నారు. ఆ ఆపరేషన్ గురించి మన దేశంలో ఇంటింటా మాట్లాడుకున్నది అప్పుడే. ఆ తర్వాత అది జిల్లా కేంద్రాల దాకా వచ్చేసింది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టడంతో ఖర్చు కూడా కొంత దిగొచ్చింది.

ఎవరికి అవసరం? నొప్పితో రాత్రి నిద్ర పట్టనివాళ్లకు, ఇంట్లో నాలుగడుగులు వేయడమే గగనమైనవాళ్లకు, కాళ్లు బాగా వంకరపోయినవాళ్లకు... అదీ వ్యాయామం, బరువు తగ్గడం, మందులు కొన్ని నెలలపాటు గట్టిగా ప్రయత్నించాక. ఎక్స్‌రే ఒక్కటే చూసి నిర్ణయించేది కాదిది. కృత్రిమ కీలు ఎన్నాళ్లు మన్నుతుంది? వివిధ దేశాల రికార్డులను కలిపి చూసి 2019లో చెప్పిన లెక్క ప్రకారం వందలో 82 కీళ్లు పాతికేళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. కాబట్టి అరవై ఐదేళ్ల మనిషికి ఒకసారి చేస్తే చాలావరకూ జీవితాంతం సరిపోతుంది. నలభై ఐదేళ్లకే తొందరపడితే రెండోసారి కోయాల్సి రావచ్చు. ఇంకో మాట. సర్జన్ చేసేది సగం పనే. మిగతా సగం ఆ తర్వాత రోగి చేసే ఫిజియోథెరపీ. దానికి సిద్ధంగా లేకపోతే కొత్త కీలు కూడా బిగుసుకుపోతుంది.

‘కాలు బెణికింది... అంతే’

రోడ్డు మీద గుంటలో అడుగు పడి పాదం లోపలికి మడతపడటం, బయటి గిలక కింద ఉబ్బెత్తున వాపు రావడం... అందరికీ అనుభవమే. అక్కడ జరిగేది గిలకను పట్టి ఉంచే లిగమెంట్లు సాగడమో, చిరగడమో. వెంటనే చాలామంది చేసే పని వేడి కాపడం, నూనెతో గట్టిగా మర్దన. రెండూ తప్పే. తెగిన నాళాల నుంచి రక్తం ఇంకా కారుతుంది. వాపు పెరుగుతుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసును 15-20 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. క్రేప్ బ్యాండేజీ చుట్టాలి. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిండ్లు పెట్టాలి.

ఎముక విరిగిందా, ఉత్త బెణుకేనా? ఎలా తెలుస్తుంది? కెనడాలోని ఒటావా నగర వైద్యులు 1992లో ఇందుకు తేలికైన సూత్రం చెప్పారు. దెబ్బ తగిలాక కుంటుకుంటూ అయినా నాలుగడుగులు వేయలేకపోయినా, లోపలి గిలకనో బయటి గిలకనో వెనక అంచు వెంట నొక్కినప్పుడు ఎముక మీదే గట్టి నొప్పి తెలిసినా ఎక్స్‌రే తీయాల్సిందే. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చినట్టు ఉండే ఎముక మీద, లోపలి వంపుకు పైన ఉండే ఎముక మీద నొప్పి ఉన్నా అంతే.

విరిగిన ఎముకకు కట్టు అనగానే మనకు పుత్తూరు గుర్తొస్తుంది. ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసినా, ఊళ్లో వెదురు బద్దలు పెట్టి బిగించినా ఒక ప్రాణాంతకమైన ప్రమాదం రెండింటికీ సమానమే. లోపల వాపు పెరుగుతుంటే కట్టు ఉచ్చులా బిగుసుకుంటుంది. కండరాలకు రక్తం అందదు. కాలివేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లను కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ‘తెల్లారాక చూద్దాం’ అనుకోకూడదు. అర్ధరాత్రయినా సరే కట్టు విప్పించాలి. కొన్ని గంటల ఆలస్యం కాలు తీసేసే దాకా తీసుకెళ్తుంది. కట్టు వేసిన ప్రతి ఇంట్లో ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఎన్నో కాళ్లు నిలుస్తాయి.

బెణుకు తగ్గాక చాలామంది మరిచిపోయే పని ఇంకోటుంది. దెబ్బతిన్న గిలక అదుపు కోల్పోతుంది. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంటుంది. నొప్పి తగ్గాక రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒక్క కాలి మీదే నిలబడటం అలవాటు చేసుకోండి. పైసా ఖర్చులేని వైద్యం!

‘పిక్క పట్టేసింది’

రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం పెద్ద జబ్బేమీ కాదు. పాదాన్ని ముఖం వైపు లాగి పట్టుకుంటే సడలుతుంది. కానీ పిక్క నొప్పులన్నీ అదే కాదు. నాలుగింటిని విడదీసి చూడాలి.

ఆపరేషన్ తర్వాతో, చాలా రోజులు మంచం మీద ఉన్నాకో, సుదూర ప్రయాణం చేశాకో ఒక్క పిక్కే వాచి, వేడిగా, గట్టిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఇలాంటి పిక్కను మర్దన చేయకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

కొంత దూరం నడిచేసరికి పిక్క పిండేసినట్టు నొప్పి, ఆగితే తగ్గడం, మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ నొప్పి... ఇది రక్తనాళాలు పూడుకుపోవడానికి గుర్తు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లలో ఎక్కువ. వీళ్లకు కావాల్సింది పొగ మానడం, రక్తనాళాల వైద్యుడు.

నడుం నుంచి పిరుదు మీదుగా పిక్కదాకా కరెంటు పాకినట్టు లాగితే అది సయాటికా. జబ్బు ఉన్నది వెన్నులో, కాల్లో కాదు.

నలభై దాటాక చాలాకాలానికి బ్యాట్ పట్టుకుని షటిల్ ఆడుతుంటే ‘టప్’మని శబ్దం, ఎవరో వెనక నుంచి తన్నినట్టు నొప్పి... మడమ వెనక ఉండే పెద్ద టెండన్ తెగి ఉండొచ్చు. ఆ కాలి మునివేళ్ల మీద నిలబడలేరు. దీనికి త్వరగా వైద్యం అందాలి.

‘పిల్లాడి కాళ్లు వంకరగా ఉన్నాయి’

తల్లిదండ్రులను ఎక్కువగా భయపెట్టేవి, వాటిలో చాలావరకూ భయపడాల్సిన అవసరం లేనివి ఇవే. నడక నేర్చే వయసులో పిల్లలందరివీ కాస్త దొడ్డికాళ్లే. రెండేళ్లకల్లా సర్దుకుంటాయి. మూడు నాలుగేళ్లప్పుడు అటు నుంచి ఇటు మారి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతుంటాయి. ఆరేడేళ్లకు అవీ తిన్నగా అవుతాయి. పసిపాదాల్లో వంపు కనిపించకపోవడమూ అంతే. పిల్లాణ్ని మునివేళ్ల మీద నిలబడమనండి. వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, ఏ ఖరీదైన బూట్లూ అక్కర్లేదు. ఆడుకుని వచ్చి రాత్రి రెండు కాళ్లూ నొప్పులంటూ ఏడ్చి, పొద్దున్నే గంతులేసే పిల్లలకు ఆ నొప్పులు ‘ఎదిగే నొప్పులే’. కానీ నొప్పి ఒక్క కాలికే ఉన్నా, కుంటుతున్నా, జ్వరం ఉన్నా ఆ మాటతో సరిపెట్టుకోకూడదు.

వంకర ఒక్క కాలికే ఉన్నా, పెరిగేకొద్దీ ఎక్కువవుతున్నా విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్ లాంటివి చూడాలి. మన ప్రాంతంలో నీళ్లనూ అనుమానించాలి. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో గుర్తించారు. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను చూసి, దానికి ఫ్లోరైడ్ నీళ్లతో ఉన్న లంకెను వివరించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు తాగే ఊళ్లలో పరీక్ష చేయించడం తప్పనిసరి.

పుట్టుకతోనే పాదం లోపలికి, కిందికి మెలితిరిగి ఉంటే అది క్లబ్‌ఫుట్. సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. గ్రహణం చూసిందనీ, గర్భంతో ఉన్నప్పుడు కత్తి పట్టిందనీ తల్లిని తప్పుపట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందులో రవ్వంత నిజం లేదు. ఈ పాదాన్ని పెద్ద ఆపరేషన్ లేకుండా సరిచేయొచ్చని చూపించింది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు ఇగ్నాసియో పొన్‌సెటి. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, పాదాన్ని నెమ్మదిగా మలుస్తూ వారానికొకటి చొప్పున ఐదారు కట్లు వేస్తారు. చివర్లో చాలామందికి మడమ టెండన్‌కు చిన్న గాటు పెడతారు. ఆ తర్వాతే అసలు పరీక్ష. రెండు బూట్లను కలిపే కడ్డీ ఉన్న బ్రేస్‌ను మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రలో వేయాలి. ‘పాదం తిన్నగా అయిందిగా, బిడ్డ ఏడుస్తోంది’ అని జాలిపడి మానేసిన ఇళ్లలోనే పాదం మళ్లీ తిరగబడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో క్లబ్‌ఫుట్ కూడా ఉంది. ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

‘చిన్న పుండే కదా’

షుగర్ ఉన్నవాళ్ల పాదంలో భయపడాల్సింది నొప్పి ఉన్నప్పుడు కాదు... లేనప్పుడు! ఏళ్ల తరబడి చక్కెర అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. మండుటెండలో గుడి చుట్టూ ఉత్త కాళ్లతో ప్రదక్షిణ చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియదు. రక్తప్రసారం కూడా తగ్గితే ఆ చిన్న పుండు మానదు. కాళ్లు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో చాలావాటికి మొదలు ఇలాంటి చిన్న పుండే.

నొప్పి ఎంత విలువైందో లోకానికి చెప్పినవారిలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ ఒకరు. కుష్ఠు రోగుల పాదాలు పాడవడానికి కారణం ఒళ్లు కుళ్లిపోవడం కాదనీ, స్పర్శ లేక తగిలిన దెబ్బ తెలియకపోవడమనీ ఆయన చూపించారు. వాళ్ల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులే ఇప్పుడు మధుమేహులకూ రక్ష.

రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడిచి, అరికాలిని అద్దంలో చూసుకోవాలి. చూపు ఆననివాళ్లకు ఇంట్లో పిల్లలు చూసిపెట్టాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు. వాటికి అంటించే మందు పట్టీల్లో ఆమ్లం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. వేడినీళ్ల సంచితో కాపడం వద్దు. పాదం ఎర్రగా, వేడిగా వాచిపోయి నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే బెణుకని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల ఎముకలు కుప్పకూలుతూ ఉండొచ్చు. కాలు కింద పెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

‘ఈ వయసులో ఆపరేషనా?’

బామ్మగారు బాత్‌రూంలో జారిపడ్డారు. లేవలేకపోతున్నారు. ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోయింది. ఇది తుంటి విరిగిన గుర్తు. ‘డెబ్బై ఐదేళ్ల మనిషికి కోతలెందుకు, మంచం మీదే చూసుకుందాం’ అంటారు ఇంట్లోవాళ్లు ప్రేమతోనే. కానీ పెద్దవాళ్లకు ప్రాణాపాయం ఆ మంచంతోనే. కదలకుండా పడుకుంటే న్యుమోనియా, వీపు మీద పుండ్లు, సిరల్లో రక్తపు గడ్డలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీలైనంత వరకు 48 గంటల్లోపే ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలన్నది ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి. ఇక్కడ వయసు ఆపరేషన్‌కు అడ్డంకి కాదు. ఆ వయసే దాన్ని తొందరగా చేయాలనడానికి కారణం.

పడకుండా చూసుకోవడం ఇంకా మేలు. బాత్‌రూంలో గోడకు పట్టుకునే కడ్డీ, జారని పట్టా, రాత్రిపూట చిన్న లైటు... వీటికయ్యే ఖర్చు ఎంతని! ఒకసారి తేలిగ్గా పడినా ఎముక విరిగిందంటే ఎముకల సాంద్రత పరీక్ష చేయించి మందులు వాడాలి.

ముప్పై నలభై ఏళ్లవాళ్లకు గజ్జల్లో నొప్పి, బాసింపట్టు వేయలేకపోవడం ఉంటే తుంటి ఎముక తలకు రక్తం అందడం లేదేమో చూడాలి. స్టెరాయిడ్లు వాడినవాళ్లలో, మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో ఇది కనిపిస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో తెలియదు, ఎంఆర్ఐలో తెలుస్తుంది.

ఆలస్యం వద్దు!

* కీలు వాచి, ఎర్రగా వేడెక్కి, జ్వరం కూడా ఉంటే... కీలులో చీము పట్టి ఉండొచ్చు. పిల్లల్లో అయితే గంటల లెక్కే.
* అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదట్లో దుప్పటి తగిలినా భరించలేని నొప్పి వస్తే... గౌట్. యూరిక్ యాసిడ్ సంగతి డాక్టరు చూడాలి.
* పాదాల చిన్న కీళ్లు రెండు వైపులా వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుంటే... రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. ముందే మందులు మొదలుపెడితే కీళ్లు వంకరపోవు.
* రాత్రి పడుకున్నా తగ్గని ఎముక నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం.
* నడుం నొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గి, మూత్రం మీద అదుపు పోవడం.

రోజుకు పది నిమిషాలు

* తొడలకు: కుర్చీలో కూర్చుని ఒక కాలిని నేరుగా ముందుకు చాచి పది లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు.
* పిక్కలకు: గోడకు రెండు చేతులూ ఆన్చి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి ముందుకు వంగాలి. అర నిమిషం ఉండాలి.
* పాదాలకు: నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి.
* వ్యాయామం చేశాక కాస్త నొప్పి సహజం. మర్నాటికీ తగ్గకపోతే సగానికి తగ్గించండి. మానేయొద్దు.

చెప్పులు కొంటున్నారా?

* సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి.
* నిలబడి చూసుకోండి. పొడవాటి వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. ముందు భాగం ఇరుకైతే బొటనవేలు పక్కకు ఒరిగిపోతుంది.
* బూటును వంచి చూడండి. వేళ్ల దగ్గరే వంగాలి, మధ్యలో కాదు.
* ఎత్తు మడమలు పెళ్లికీ పేరంటానికే పరిమితం చేయండి.
* అడుగు అరిగి ఒక పక్కకు ఒరిగిన స్లిప్పర్లను పారేయండి. నలభై యాభై ఏళ్లు మనల్ని మోసిన కాళ్లకు కొత్త జత కొనడం దుబారా కాదు!